రీజెనరేషన్ నిధులు, తోటి కౌన్సిళ్ల ఫైనాన్స్ వాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్ కౌన్సిళ్లలో ఫైనాన్స్ పని చేసే తెలుగువాళ్లం ఎప్పుడు కలిసినా ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. చట్టాలు, నిబంధనలు ఎక్కువగా ఇంగ్లండ్‌వి.

## చేరే ముందు

రీజెనరేషన్ ఫండింగ్ అంటే సరిగ్గా ఏ డబ్బు?

కళ తప్పిన టౌన్ సెంటర్లు, మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలాలు, ఖాళీ షాపుల వీధులు మళ్లీ వాడుకలోకి తేవడానికి పెట్టే డబ్బంతా ఇందులోకే వస్తుంది. అది ఒక్కచోటి నుంచి రాదు. ప్రభుత్వ గ్రాంటు కొంత, కౌన్సిల్ చేసే అప్పు కొంత, డెవలపర్లు సెక్షన్ 106 ఒప్పందాల (కట్టడ అనుమతి కోసం కౌన్సిల్‌తో చేసుకునేవి) కిందా కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ (కొత్త కట్టడాల మీద రుసుము) కిందా కట్టేది కొంత, కౌన్సిల్ భూమి అమ్మితే వచ్చేది కొంత. గ్రాంట్ల పేర్లు రాజకీయాలతో పాటే మారుతుంటాయి: 2019లో టౌన్స్ ఫండ్, 2021లో లెవెలింగ్ అప్ ఫండ్, 2022లో యూకే షేర్డ్ ప్రాస్పెరిటీ ఫండ్, 2025లో ప్రైడ్ ఇన్ ప్లేస్. దేని షరతులు దానివే, దేని గడువు దానిదే. కట్టే భవనం మాత్రం ఒక్కటే. ఫైనాన్స్ వాళ్ల తలనొప్పంతా అక్కడే.

గైడెన్స్ అంతా ప్రభుత్వమే ఇస్తుంది కదా, వేరే కౌన్సిళ్ల వాళ్లతో పరిచయాలు ఎందుకు?

గైడెన్స్‌లో రూల్ ఉంటుంది. ఆ రూల్‌ని అవతలి అధికారి ఎలా చదువుతున్నాడో అందులో ఉండదు. ఏ ఖర్చుని క్లెయిమ్‌లోంచి కొట్టేశారు, ప్రాజెక్టు మార్చుకుంటామని అడిగితే జవాబు రావడానికి ఎన్ని నెలలు పట్టింది, ఆడిటర్ ఏ కాగితం అడిగాడు – ఇవి ఆ దారిలో ముందు నడిచినవాళ్లకే తెలుస్తాయి. పైగా ఒక ఫండ్ పద్ధతి ఒంటబట్టేసరికి అది ముగిసి ఇంకొకటి మొదలవుతుంది. చిన్న డిస్ట్రిక్ట్ కౌన్సిల్లో అయితే క్యాపిటల్ అకౌంట్లు, అంటే భవనాలు, ఆస్తుల మీద పెట్టే ఖర్చు లెక్కలు, చూసేది ఒక్కరే కావచ్చు. ఆ ఒక్కరూ ఉద్యోగం మారితే అనుభవమంతా వాళ్లతోనే వెళ్లిపోతుంది.

వీళ్లంతా ఎక్కడ కలుస్తారు?

కౌన్సిల్ రకాన్ని బట్టి ట్రెజరర్ల, అంటే ఫైనాన్స్ అధిపతుల, సొసైటీలున్నాయి: సొసైటీ ఆఫ్ కౌంటీ ట్రెజరర్స్, సొసైటీ ఆఫ్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ట్రెజరర్స్, సొసైటీ ఆఫ్ లండన్ ట్రెజరర్స్, వేల్స్‌లో సొసైటీ ఆఫ్ వెల్ష్ ట్రెజరర్స్. ఉత్తర ఇంగ్లండ్, మిడ్‌లాండ్స్, దక్షిణ తీరంలోని పాత పారిశ్రామిక పట్టణాల కౌన్సిళ్లు సిగోమా అనే బృందంగా ఉన్నాయి. రీజెనరేషన్ కష్టాలు అక్కడ ఎక్కువ కాబట్టి మాటలూ ఎక్కువే. 1885లో మొదలైన సిప్ఫా, అంటే ప్రభుత్వరంగ అకౌంటెంట్ల సంస్థ, సబ్జెక్టుల వారీగా నెట్‌వర్కులు నడుపుతుంది. కౌన్సిళ్ల సంఘమైన లోకల్ గవర్నమెంట్ అసోసియేషన్ పీర్ చాలెంజ్‌లు ఏర్పాటు చేస్తుంది. వేరే కౌన్సిళ్ల నాయకులు, అధికారులు కొద్ది రోజులు మీ దగ్గరుండి, చూసి, మొహం మీదే చెప్పి వెళ్తారు.

ఇవి కాక ఒక కౌంటీలోని క్యాపిటల్ అకౌంటెంట్లు కొన్ని నెలలకోసారి తమంతట తాము పెట్టుకునే ఆన్‌లైన్ కాల్స్ ఉంటాయి. వాటికి వెబ్‌సైటు ఉండదు, ఎవరో ఒకరు మిమ్మల్ని పిలవాలి. నా మటుకు నేను ముందు వీటిలో దేనిలో చోటు దొరుకుతుందో చూసుకోమంటాను.

నేను సెక్షన్ 151 ఆఫీసర్ని (కౌన్సిల్ ఆర్థిక బాధ్యత మోసే అధికారిని) కాదు, మామూలు క్యాపిటల్ అకౌంటెంట్‌ని. నన్ను రానిస్తారా?

ట్రెజరర్ల సొసైటీల్లో ప్రధాన సభ్యత్వం డైరెక్టర్ స్థాయి వాళ్లదే. కానీ చాలాచోట్ల కింద టెక్నికల్ గ్రూపులు ఉంటాయి, అసలు లెక్కలు నడిచేది వాటిలోనే. డైరెక్టర్లు రిస్కు గురించి మాట్లాడుకుంటారు. క్లెయిమ్ ఫారంలో ఏ గడిలో ఏ అంకె వేయాలన్నది మీలాంటి వాళ్లే మాట్లాడుకోవాలి. మీ డైరెక్టర్‌ని ఒక్క మాట అడగండి: “మీకు వచ్చే సొసైటీ మెయిల్స్ నాకు ఫార్వర్డ్ చేస్తారా?” ఎక్కువమంది సంతోషంగా చేస్తారు, వాళ్లకి చదివే తీరిక ఉండదు.

పక్క కౌన్సిల్ కూడా అదే ఫండ్ కోసం పోటీపడుతోంది. వాళ్లు మనకి నిజం చెప్తారా?

బిడ్ గడువు దాటేదాకా చెప్పరు. చెప్పాలని ఆశించడం కూడా న్యాయం కాదు. కాబట్టి పక్కవాళ్లని వదిలేసి పోలిక ఉన్నవాళ్లని వెతకండి. జనాభా, ఆదాయాలు, ఇళ్ల తీరు వంటి లెక్కలతో ఏ కౌన్సిల్ దేనికి దగ్గరగా ఉందో చూపే నియరెస్ట్ నైబర్స్ అనే పద్ధతి సిప్ఫా దగ్గర ఉంది. అందులో రెండొందల మైళ్ల దూరంలో ఉన్న సముద్రతీర పట్టణం మీకు అసలు పొరుగు అని తేలొచ్చు. వాళ్లు ముందు రౌండులోనే డబ్బు గెలుచుకుని ఉంటే ఇంకా మంచిది. దాచుకోవడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు, చెప్పుకోవడానికి చాలా ఉంటుంది.

స్కాట్లండ్, వేల్స్ వాళ్లతో మాట్లాడితే మనకేం ఉపయోగం? రూల్స్ వేరు కదా?

రూల్స్ వేరే. స్కాట్లండ్‌లో ఆర్థిక బాధ్యత 1973 చట్టం సెక్షన్ 95 కింద ఉంటుంది, అందుకే అక్కడ సెక్షన్ 95 ఆఫీసర్ అంటారు. గ్రాంటు ఫారాల గురించి వాళ్లని అడగడం దండగ. కానీ భవిష్యత్తు పన్ను ఆదాయం చూపించి అప్పు తెచ్చే పద్ధతుల్లో వాళ్ల అనుభవం వినదగ్గది. ఎడిన్‌బరోలో సెయింట్ జేమ్స్ షాపింగ్ ప్రాంతం చుట్టూ పనులకి 6.14 కోట్ల పౌండ్ల గ్రోత్ యాక్సిలరేటర్ ఏర్పాటు జరిగింది. అనుకున్న ఫలితాలు కనిపిస్తేనే స్కాటిష్ ప్రభుత్వం డబ్బు విడుదల చేసేలా దాన్ని కట్టారు. ఫలితాన్ని ఎలా కొలవాలని ఒప్పందంలో రాసుకున్నారో అడిగి తెలుసుకోండి.

## బిడ్ రాసే దశలో

గడువు కొద్ది వారాలే ఉంది. తోటివాళ్లని ముందు ఏం అడగాలి?

“మీ బిడ్ పంపిస్తారా?” అని అడగొద్దు. పంపినా వంద పేజీలు చదివే టైమ్ మీకుండదు. సూటిగా అడగండి. మీ బిడ్ చూసినవాళ్లు ఏ ప్రశ్నలతో తిరిగొచ్చారు? అనుకోని ఖర్చులకి ఎంత శాతం పెట్టారు, చివరికి అది సరిపోయిందా? భవనం తెరిచాక దాన్ని నడిపే ఖర్చు ఏ బడ్జెట్ లోంచి వస్తోంది? చివరి ప్రశ్న చాలామంది అడగరు. టౌన్స్ ఫండ్, లెవెలింగ్ అప్ ఫండ్ లాంటివి ప్రధానంగా కట్టడానికి ఇచ్చిన డబ్బు. కట్టాక లైట్లు వెలిగించడానికీ, లిఫ్టు బాగుచేయించడానికీ ఏటా అయ్యేది కౌన్సిలే భరించాలి.

ప్రశ్న వేసేటప్పుడు మీ పరిస్థితి రెండు ముక్కల్లో చెప్పండి: “ఖాళీ డిపార్ట్‌మెంట్ స్టోర్ కొని లైబ్రరీగా మార్చాలనుకుంటున్నాం, భవనం లిస్టెడ్ (వారసత్వ రక్షణలో ఉంది).” ఇంత చెప్తే సరైన మనిషి జవాబిస్తాడు. “రీజెనరేషన్ మీద అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా” అంటే ఎవరూ పలకరు.

వేరే కౌన్సిల్ వాళ్లు తమ బిజినెస్ కేస్ ఇచ్చారు. అందులోంచి వాడుకోవచ్చా?

చట్రం వాడుకోండి, అంకెలు వద్దు. ట్రెజరీ (బ్రిటన్ ఆర్థిక శాఖ) మార్గదర్శి గ్రీన్ బుక్ ప్రకారం ఏ బిజినెస్ కేస్ అయినా ఐదు భాగాలే: స్ట్రాటజిక్, ఎకనామిక్, కమర్షియల్, ఫైనాన్షియల్, మేనేజ్‌మెంట్. ఏ భాగంలో ఎంత లోతుకి వెళ్లారో చూడటం ఉపయోగమే. లాభాలని నేటి విలువకి తగ్గించే 3.5 శాతం డిస్కౌంట్ రేటు కూడా అందరికీ ఒకటే. కానీ భూమి విలువ ఎంత పెరుగుతుంది, కొత్తగా వచ్చే ఉద్యోగాల్లో నిజంగా కొత్తవెన్ని, పక్కవీధి నుంచి కదిలి వచ్చినవెన్ని – ఇవి ఊరిని బట్టే ఉంటాయి. వేరే ఊరి అంకెలు అతికిస్తే బిడ్ చదివేవాళ్లు పట్టేస్తారు. పట్టకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ ఫలితాలని ఏళ్లపాటు రిపోర్టు చేయాల్సింది మీరే.

సెక్షన్ 151 ఆఫీసర్ సంతకం దగ్గరికి వచ్చేసరికి అందరికీ అంత టెన్షన్ ఎందుకు?

1972 లోకల్ గవర్నమెంట్ యాక్ట్ సెక్షన్ 151 ప్రకారం కౌన్సిల్ ఆర్థిక వ్యవహారాల బాధ్యత ఒక అధికారి పేరు మీద ఉండాలి. 1988 చట్టం సెక్షన్ 113 ప్రకారం ఆ మనిషికి గుర్తింపు ఉన్న అకౌంటెన్సీ సంస్థలో సభ్యత్వం ఉండాలి. రీజెనరేషన్ ఫండ్లు చాలావరకు ఆ సంతకాన్ని అడుగుతాయి: కౌన్సిల్ వాటా డబ్బు ఉంది, ఖర్చు పెరిగితే మేమే భరిస్తాం, డబ్బు సరిగ్గా వాడతాం అని. ఖర్చు పెరిగితే భరిస్తామన్న వాక్యం తేలిగ్గా కనిపిస్తుంది, పెరిగినప్పుడు తెలుస్తుంది దాని బరువు. సంతకానికి ముందు ఏ కాగితాలు బల్ల మీద ఉండాలని అడుగుతున్నారో నలుగురు 151 ఆఫీసర్లని వాకబు చేయించండి. ఎక్కువమంది జాబితాలో ఉండేవి: ఖర్చు అంచనా వేసిన సర్వేయర్ రిపోర్టు తేదీ, కంటింజెన్సీ (అనుకోని ఖర్చుల) లెక్క, నడిపే ఖర్చుల అంచనా, రిస్కు ఎవరిదో చెప్పే ఒక పేజీ.

మ్యాచ్ ఫండింగ్ (గ్రాంటుకి తోడు పెట్టే స్థానిక వాటా) ఎక్కడి నుంచి చూపిస్తున్నారు మిగతావాళ్లు?

లెవెలింగ్ అప్ ఫండ్ మొదటి రౌండ్లలో కనీసం 10 శాతం స్థానిక వాటా ఉంటే మంచిదన్నారు. కౌన్సిల్ భూమిని వాటాగా చూపించినవాళ్లున్నారు, దానికి స్వతంత్ర వాల్యుయేషన్ కావాలి. సెక్షన్ 106 డబ్బు చూపించేటప్పుడు ఒప్పందం తీసి చదవండి. ఏ పనికి, ఎప్పటిలోగా అని అందులో రాసి ఉంటుంది, గడువు దాటితే డెవలపర్‌కి వాపసు ఇవ్వాల్సి రావచ్చు. ఒకే భూమి అమ్మకం డబ్బుని రెండు బిడ్లలో రెండుసార్లు చూపించడం అన్నిటికన్నా చెడ్డ పని. రీజెనరేషన్ టీం ఒక బిడ్, హౌసింగ్ టీం ఇంకో బిడ్ విడివిడిగా రాస్తే ఇది ఎవరికీ తెలియకుండానే జరిగిపోతుంది.

బిడ్ ఓడిపోతే కన్సల్టెంట్లకి ఇచ్చిన డబ్బు ఏమవుతుంది?

ఆస్తి ఏదీ రాలేదు కాబట్టి ఆ ఖర్చు క్యాపిటల్‌లో నిలవదు, రెవెన్యూకి, అంటే రోజువారీ ఖర్చుల బడ్జెట్‌కి, మార్చాలి. గెలిచినా ప్రతి పైసా క్యాపిటల్ కాదు. ఆస్తిని తయారు చేయడానికి నేరుగా అయిన ఖర్చే లెక్కలోకి వస్తుంది, ఆప్షన్లు వెతకడానికి చేసిన తొలి అధ్యయనాలు సాధారణంగా రావు. కొన్ని కౌన్సిళ్లు దీనికోసమే చిన్న ఫీజిబిలిటీ రిజర్వ్ పెట్టుకున్నాయి. ఎంత పెట్టుకున్నారు, ఎవరి అనుమతితో తీస్తారు అన్నది నెట్‌వర్క్‌లో అడగడానికి మంచి ప్రశ్న.

## డబ్బు మంజూరయ్యాక

గ్రాంటు లెటర్ వచ్చింది. సంతకం పెట్టేముందు ఎవరినైనా అడగాలా?

అడగాలి. అదే లెటర్ డజన్ల కౌన్సిళ్లకి వెళ్లి ఉంటుంది. ప్రభుత్వం చాలా గ్రాంట్లని 2003 లోకల్ గవర్నమెంట్ యాక్ట్ సెక్షన్ 31 కింద ఇస్తుంది. కొన్నింటికి షరతులు గట్టిగా ఉంటాయి, కొన్నింటికి పేరుకే. డబ్బు వెనక్కి తీసుకునే హక్కు ఏ సందర్భంలో ఉంది, ప్రాజెక్టు ఎంత మారితే అనుమతి కావాలి, ఖర్చుకి చివరి తేదీయా లేక పని పూర్తికి చివరి తేదీయా – ఈ మూడింటినీ పక్కవాళ్ల లీగల్ టీం ఎలా అర్థం చేసుకుందో తెలుసుకోండి. ఒకే మాట మీద ఇరవై కౌన్సిళ్లు వివరణ అడిగితే శాఖ జవాబు త్వరగా వస్తుంది. ఒక్కరే అడిగితే ఆ మెయిల్ ఎక్కడో పడి ఉంటుంది.

రీజెనరేషన్‌కి పీడబ్ల్యూఎల్‌బీ (ప్రభుత్వం కౌన్సిళ్లకి ఇచ్చే) అప్పు దొరుకుతుందా? ఆపేశారని విన్నాను.

దొరుకుతుంది. ఆపింది వేరే దాన్ని. అద్దె ఆదాయం కోసమే షాపింగ్ సెంటర్లు, ఆఫీసు భవనాలు కొనడానికి కౌన్సిళ్లు అప్పులు చేస్తున్నాయని 2020 నవంబరులో ట్రెజరీ షరతులు మార్చింది. రాబోయే మూడేళ్ల ప్రణాళికలో ప్రధానంగా ఆదాయం కోసమే కొనే ఆస్తి ఒక్కటి ఉన్నా, ఆ కౌన్సిల్‌కి ఏ కొత్త పనికీ పీడబ్ల్యూఎల్‌బీ అప్పు పుట్టదు. లేదని సెక్షన్ 151 ఆఫీసర్ ధ్రువీకరించాలి. రీజెనరేషన్, హౌసింగ్, సర్వీసుల ఖర్చు, ముందు జాగ్రత్త చర్యలు, పాత అప్పు తిరగరాసుకోవడం – వీటికి అనుమతి ఉంది.

చిక్కు మధ్యలో ఉన్నవాటితోనే. సగం ఖాళీ అయిన షాపింగ్ సెంటర్‌ని కొని, కూల్చి, ఇళ్లూ పార్కూ కట్టేదాకా పదేళ్లు అద్దెలు తీసుకుంటాం అంటే అది రీజెనరేషనా, పెట్టుబడా? మార్కెట్ తనంతట తాను చేయని పని కౌన్సిల్ చేస్తోందా, కొనుగోలుతో ఆగకుండా పెద్ద ఎత్తున ఖర్చు పెట్టి స్థలాన్ని మారుస్తోందా అని చూస్తారు. కొన్నాక ప్రణాళిక అటకెక్కి అద్దెలు మాత్రం వస్తూ ఉంటే సమాధానం చెప్పడం కష్టం. ఇలాంటివి చేసిన కౌన్సిళ్లని వాళ్ల కమిటీ రిపోర్టుల్లో ఏ కారణాలు రాసుకున్నారో అడగండి. ఆ రిపోర్టులు ఎక్కువగా పబ్లిక్ కాగితాలే.

క్రాయిడన్, వోకింగ్ కథలు విని భయమేస్తోంది. అప్పు చేసి టౌన్ బాగుచేయడమే తప్పా?

అప్పు తప్పు కాదు, మోతాదు తప్పు. వోకింగ్ చిన్న బరో కౌన్సిల్. విక్టోరియా స్క్వేర్ టవర్లు, హోటల్, షాపుల కోసం తన కంపెనీలకి అప్పులిచ్చింది. 2023 జూన్‌లో సెక్షన్ 114 నోటీసు (ఆదాయానికీ ఖర్చుకీ పొంతన కుదరడం లేదన్న అధికారిక ప్రకటన) ఇచ్చేనాటికి ఏడాదికి 1.6 కోట్ల పౌండ్ల మూల ఆదాయం ఉన్న కౌన్సిల్ 120 కోట్ల పౌండ్ల లోటు చూపించాల్సి వచ్చింది. అప్పు తీర్చడానికి ఏటా పక్కన పెట్టాల్సిన డబ్బు చాలినంత పెట్టకపోవడం అందులో పెద్ద కారణం. లండన్‌లోని క్రాయిడన్ కౌన్సిల్ 2020 నవంబరులో అదే నోటీసు ఇచ్చింది. ఇళ్లు కట్టే సొంత కంపెనీ బ్రిక్ బై బ్రిక్‌కి దాదాపు 20 కోట్ల పౌండ్లు అప్పిచ్చి, తిరిగి రాబడి సరిగా చూసుకోలేదని అంతకు నెల ముందే ఆడిటర్లు బహిరంగ నివేదిక ఇచ్చారు.

ఈ రెండింటిలోనూ నాకు కనిపించేది ఒకటే: ఇది మామూలేనా అని బయటివాళ్లని అడిగే అలవాటు ముందు నుంచీ ఉండాల్సింది. మీ పరిమాణంలో ఉన్న నాలుగు కౌన్సిళ్ల అప్పుని వాళ్ల వార్షిక రెవెన్యూ బడ్జెట్‌తో భాగించి పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుల లెక్కలుండే ట్రెజరీ మేనేజ్‌మెంట్ స్ట్రాటజీలన్నీ ప్రతి కౌన్సిల్ వెబ్‌సైట్లోనూ ఉంటాయి. మీ అంకె ఒక్కటే దూరంగా నిలబడితే వాళ్లలో ఒకరికి ఫోన్ చేయండి.

ఎంఆర్‌పీ ఎంత పెట్టాలన్న దాని మీద ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

అప్పు అసలు తీర్చడానికి ఏటా రెవెన్యూ నుంచి పక్కన పెట్టే మొత్తాన్ని మినిమమ్ రెవెన్యూ ప్రొవిజన్ అంటారు. ఆస్తి ఎన్నేళ్లు పనికొస్తుందో అన్నేళ్లకి పంచే పద్ధతులు ఎక్కువ. ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ నుంచి నిబంధన బిగించారు. అప్పుతో పెట్టిన ఏదో ఒక భాగానికి మేం ఎంఆర్‌పీ పెట్టం అని వదిలేయడం కుదరదు, కొన్ని క్యాపిటల్ లోన్లకి మాత్రమే వేరే దారి ఉంది. ఎవరైనా పాత పద్ధతి చెప్తే అది ఏ సంవత్సరం పాలసీలోదో అడగండి.

కొత్త బిజినెస్ రేట్లతో (వ్యాపార భవనాల మీద పన్నుతో) అప్పు తీరిపోతుందంటున్నారు. నమ్మొచ్చా?

కొన్నిచోట్ల నమ్మొచ్చు. ఎంటర్‌ప్రైజ్ జోన్లలో, అంటే వ్యాపారాలకి రాయితీలున్న ప్రత్యేక ప్రాంతాల్లో, పెరిగిన బిజినెస్ రేట్లని 25 ఏళ్లపాటు స్థానికంగా ఉంచుకోనిచ్చారు. లండన్‌లో నార్తర్న్ లైన్‌ని బాటర్‌సీకి పొడిగించడానికి గ్రేటర్ లండన్ అథారిటీ 100 కోట్ల పౌండ్ల దాకా అప్పు చేసి, ఆ జోన్ రేట్లతోనూ డెవలపర్ల చెల్లింపులతోనూ తీర్చేలా ఏర్పాటు చేసుకుంది. రైలు 2021 సెప్టెంబరులో మొదలైంది.

జోన్ బయట మాత్రం జాగ్రత్త. మామూలు పెరుగుదలని ప్రభుత్వం బేస్‌లైన్ (పెరుగుదలని కొలిచే మూల అంకె) రీసెట్ చేసినప్పుడు అన్ని కౌన్సిళ్లకీ పంచేస్తుంది. పన్ను లెక్కకి ఆధారమైన రేటబుల్ విలువలు మూడేళ్లకోసారి మారతాయి, అద్దెదారు అప్పీలు గెలిస్తే వెనక్కి కట్టాలి, ఖాళీ భవనానికి వసూలు తగ్గుతుంది. ఇక ఆలస్యం సంగతి. భవనం రెండేళ్లు ఆలస్యమైతే రేట్లు రెండేళ్లు రావు, వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. ఇలాంటి పథకం నడుపుతున్నవాళ్లని ఒక్కటే అడగండి: మొదట అనుకున్న ఆదాయం గీత, నిజంగా వచ్చిన ఆదాయం గీత ఒకే చార్టులో చూపిస్తారా?

డెవలపర్‌కి గ్రాంటు ఇస్తే సబ్సిడీ చట్టం అడ్డొస్తుందా?

2022 సబ్సిడీ కంట్రోల్ యాక్ట్ 2023 జనవరి 4 నుంచి అమల్లో ఉంది. మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఒక సంస్థకి మొత్తం 3,15,000 పౌండ్ల లోపు అయితే తేలికపాటి దారి ఉంది. దాటితే చట్టంలోని సూత్రాల ప్రకారం అంచనా రాసిపెట్టుకోవాలి. పక్కవాళ్ల అంచనా పత్రం నమూనాగా చూడండి, తీర్పు మాత్రం మీ లాయర్‌దే.

వ్యాట్ గురించి ముందే ఆలోచించాలా?

స్థలం కొనకముందే. కౌన్సిళ్లు సాధారణంగా వ్యాట్ వెనక్కి తెచ్చుకుంటాయి, కానీ భూమి, భవనాల అమ్మకం, లీజు మామూలుగా ఎగ్జెంప్ట్ (వ్యాట్ వేయనివి). ఎగ్జెంప్ట్ పనుల మీద కట్టిన వ్యాట్ మొత్తం వ్యాట్‌లో 5 శాతం దాటితే ఆ ఎగ్జెంప్ట్ వ్యాట్ అంతా పోయే ప్రమాదం ఉంది. ఒక్క పెద్ద రీజెనరేషన్ ప్రాజెక్టు చాలు ఆ గీత దాటించడానికి. ‘ఆప్షన్ టు టాక్స్’ (మనమే వ్యాట్ వేస్తామనడం) ఎంచుకుంటే చాలాచోట్ల తప్పించుకోవచ్చు, ఇళ్ల విషయంలో అది సరిగా పనిచేయదు. నెట్‌వర్క్‌లో వ్యాట్ తెలిసిన మనిషి ఒకరుంటారు. ఆ మనిషి ఎవరో ముందే కనుక్కోండి.

## పని నడుస్తుండగా

టెండర్లు అంచనాకన్నా బాగా ఎక్కువ వచ్చాయి. మిగతావాళ్లు ఏం చేస్తున్నారు?

2021, 2022లో నిర్మాణ ధరలు పెరిగినప్పటి నుంచి ఇది దాదాపు అందరి కథ. కొందరు పని తగ్గించారు: రెండు భవనాల బదులు ఒకటి. కొందరు దశలుగా విడగొట్టారు. కొందరు సొంత డబ్బు కలిపారు. కొందరు ప్రభుత్వాన్ని మార్పు కోసం అడిగారు. తగ్గించేటప్పుడు కట్ చేసేది ఖర్చుని మాత్రమేనా, బిడ్‌లో చెప్పిన ప్రయోజనాలని కూడానా అన్నది గుర్తుపెట్టుకోండి. ప్రయోజనాలు తగ్గితే చెప్పకుండా ముందుకెళ్లడం కుదరదు. ఏ మార్పుకి అనుమతి దొరికింది, దేనికి దొరకలేదు అన్న సమాచారం బయట ఎక్కడా ఉండదు, అది తోటివాళ్ల నోటి నుంచే రావాలి.

మార్చి 31 వచ్చేస్తోంది, డబ్బు ఖర్చు కాలేదు. మనమొక్కళ్లమేనా ఇలా?

కానే కాదు. పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ 2024 మార్చిలో చెప్పిన లెక్క చూడండి: లెవెలింగ్ అప్ నిధులు 1,047 కోట్ల పౌండ్లలో 2023 సెప్టెంబరు నాటికి కౌన్సిళ్లు ఖర్చు పెట్టగలిగింది 124 కోట్లే. ధైర్యం కోసం ఈ అంకె చెప్పాను, సాకు కోసం కాదు. గడువు లోపల చూపించడానికి కాంట్రాక్టర్‌కి ముందే డబ్బు కట్టేయడం మాత్రం వద్దు. ఆడిటర్ అడుగుతాడు, కాంట్రాక్టర్ దివాలా తీస్తే డబ్బు కూడా పోతుంది. అదే ప్రాజెక్టులో కౌన్సిల్ వాటా, గ్రాంటు వాటా రెండూ ఉంటే ముందు గ్రాంటు ఖర్చు పెట్టి తర్వాత సొంత డబ్బు పెట్టడానికి షరతులు ఒప్పుకుంటాయేమో చూడండి.

ఒక్కో ఫండ్‌కి ఒక్కో రిపోర్టు. దీన్ని తగ్గించే మార్గం లేదా?

2023లో ప్రభుత్వం 10 కౌన్సిళ్లకి ప్రయోగంగా పలు ఫండ్లని ఒకే ఖాతాగా, ఒకే రిపోర్టుగా నడుపుకోనిచ్చింది. మీకు అలాంటి సౌకర్యం లేకపోతే లెడ్జర్ కోడ్లతోనే చాలా పని తగ్గించొచ్చు. ప్రాజెక్టుకి ఒక కోడ్, నిధి మూలానికి ఇంకో కోడ్ మొదటి ఇన్‌వాయిస్ ముందే పెట్టుకోవాలి. బాగా చేస్తున్న కౌన్సిల్ నుంచి కోడింగ్ పట్టిక అడిగి తెచ్చుకోండి. అందులో రహస్యమేమీ ఉండదు, ఎవరూ కాదనరు.

## ఏది చెప్పొచ్చు, ఏది కూడదు

వేరే కౌన్సిల్ వాళ్లకి ఎంతవరకు చెప్పొచ్చు?

పద్ధతులు, టెంప్లేట్లు, పబ్లిక్ కమిటీ రిపోర్టులు, పూర్తయిన ప్రాజెక్టుల ఖర్చులు ధైర్యంగా చెప్పొచ్చు. కమిటీలో జనాన్ని బయటికి పంపి చర్చించిన పింక్ పేపర్లు వద్దు. అవి 1972 చట్టం షెడ్యూల్ 12ఏ కింద మినహాయింపు పొందినవి, అందులో ఎవరిదో వ్యాపార సమాచారం ఉంటుంది. టెండర్ నడుస్తుండగా బిడ్డర్ల ధరలు అస్సలు చెప్పకూడదు, అదే బిల్డర్ రేపు పక్క కౌన్సిల్లోనూ టెండర్ వేయొచ్చు. భూమి కొనబోతున్నప్పుడు మీరు ఎంతదాకా వెళ్తారో కూడా చెప్పకండి. అనుమానం వస్తే అంకె తీసేసి శాతం చెప్పండి.

వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అది అధికారికం కాదు కదా, ఎవరూ అడగరు కదా?

అడగొచ్చు. కౌన్సిల్ పని గురించి రాసిన మెసేజ్ సొంత ఫోన్లో ఉన్నా ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ చట్టం పరిధిలోకి వస్తుంది. అభ్యర్థనకి జవాబివ్వడానికి 20 పనిదినాలే గడువు. వ్యాపార ప్రయోజనాల మినహాయింపు ఉన్నా, వెల్లడించడంలో ప్రజాప్రయోజనం ఎంతో తూచి చూడాలి. కౌన్సిలర్ల మీద జోకులకి మాత్రం ఏ మినహాయింపూ లేదు. “ఒక ఫోన్ చేస్తారా?” అని అడగడానికి గ్రూపు వాడండి, అసలు విషయం ఫోన్లో మాట్లాడి, నిర్ణయం తీసుకుంటే ఫైల్లో రాసుకోండి.

ఒక కన్సల్టెంట్ మా గ్రూపులో చేరతానంటున్నాడు. రానివ్వాలా?

ప్రత్యేక అంశం మీద మాట్లాడటానికి పిలవండి, మాట్లాడాక పంపించండి. మనిషి మంచివాడే కావచ్చు. కానీ ఆ గదిలో ఉన్నంతసేపు ఏ ప్రాజెక్టు కష్టాల్లో ఉందో ఎవరూ నోరు విప్పరు. స్పాన్సర్ చేసిన మధ్యాహ్న భోజనాలకీ ఇదే వర్తిస్తుంది.

## గ్రూపు నిలబడాలంటే

ప్రతి మీటింగూ ప్రెజెంటేషన్లతోనే అయిపోతోంది. ఎలా మార్చాలి?

గెలిచిన ప్రాజెక్టు స్లైడ్లు చూపించడం ఆపేయండి. ఒక్కో మీటింగులో ఒక్కరు ఇప్పుడు తేలని సమస్య ఒకటి తెచ్చి, పది నిమిషాలు చెప్పి, మిగతా టైమ్ వినాలి. సమస్య చెప్పే వంతు పెద్ద కౌన్సిల్‌తో మొదలుపెడితే చిన్నవాళ్లకి బిడియం పోతుంది. పేర్లు లేకుండా నోట్స్ రాసే మనిషి ఒకరుండాలి, మార్చి, ఏప్రిల్ నెలల్లో మీటింగ్ పెట్టకూడదు. ఖాతాలు ముగించే ఆ రోజుల్లో పిలిస్తే రాకపోగా తిట్టుకుంటారు.

మీటింగులకి వెళ్లడానికి మా మేనేజర్ టైమ్ ఇవ్వడం లేదు.

‘నెట్‌వర్కింగ్’ అని అడిగితే ఇవ్వరు. మీ రిస్కు రిజిస్టర్‌లో ఉన్న ఒక ప్రశ్న తీసుకుని, “దీనికి ముగ్గురి దగ్గర జవాబు తెస్తాను” అని అడగండి. తిరిగొచ్చాక అర పేజీ రాసి పంపండి. యూకే షేర్డ్ ప్రాస్పెరిటీ ఫండ్‌లో అయితే కేటాయింపులో 4 శాతం దాకా నిర్వహణకి వాడుకోనిచ్చారు. మీ ఫండ్‌లో అలాంటి వెసులుబాటు ఉంటే మీ సమయం ఖర్చు అందులోంచి పోతుందేమో చూడండి.

మా కౌన్సిల్ పక్కవాటితో కలిసిపోయి యూనిటరీ (ఆ ప్రాంతపు అన్ని సేవలూ చూసే ఒకే కౌన్సిల్) అవుతోంది. ఇప్పుడు ఈ పరిచయాలన్నీ ఎందుకు?

ఇప్పుడే ఎక్కువ కావాలి. నిన్నటిదాకా తోటి కౌన్సిల్ వాళ్లు రేపు మీ సహోద్యోగులు, వాళ్ల గ్రాంటు ఒప్పందాలూ అప్పులూ మీ లెడ్జర్‌లోకి వస్తాయి. విలీనానికి ఏడాది ముందే ప్రతి కౌన్సిల్ నుంచి ఒకరు కూర్చుని జాబితా వేయాలి: నడుస్తున్న గ్రాంట్లు, వాటి చివరి తేదీలు, డబ్బు వెనక్కివ్వాల్సిన షరతులు, కంపెనీలకి ఇచ్చిన అప్పులు, ఎంఆర్‌పీ పాలసీలు. ఇప్పటికే విలీనమైన నార్త్ యార్క్‌షైర్, సోమర్‌సెట్, కంబర్లాండ్ లాంటి కొత్త కౌన్సిళ్లు 2023 ఏప్రిల్ నుంచి నడుస్తున్నాయి. వాళ్ల ఫైనాన్స్ టీముల్లో ఒకరిని పట్టుకుని, మొదటి సంవత్సరం ఖాతాలు కలిపేటప్పుడు దొరకని ఫైళ్లు ఏవో అడగండి. ఆ ఫైళ్లు మీ దగ్గర ఎక్కడున్నాయో పాత మెయిల్‌బాక్సులు మూసేయకముందే చూసుకోండి.